మొగలిపువ్వు నేరము

సుగంధద్రవ్యములను గూర్చి వ్యాసము వ్రాయుచున్నానని చెప్పగా మిత్రు డొకడు నవ్వి, "అన్నము, వస్త్రము, విద్య, వీనిని గూర్చి వ్రాయవలసిన పుటలలో అత్తరులను గూర్చి వ్రాయుదువా?" యని యడిగెను. ప్రశ్న సమంజసమే. అత్తరు లేక యెవడును చావలేదు. సంస్కరణము కోరువారు దానిని విలాసవస్తువుల పట్టికలో చేర్చి, పట్టుబట్టలకును పేకముక్కలకును నడుమ నొకచోట పడవేయుట మన యలవాటు. ఆ యలవాటు నాకును చాలకాల ముండెను. ఐనను, ఒక సంఘము ఎవరిని అన్నము పెట్టక మాడ్చుచున్నదో చూచినట్లే, ఎవరికి పరిమళమును నిషేధించుచున్నదో కూడ చూడదగునని వయసు మీఱిన తరువాత నాకు తోచినది. అన్నము లేనివానిని చూచినప్పుడు మనకు సిగ్గు కలుగును. పువ్వు నిషేధింపబడిన స్త్రీని చూచినప్పుడు, ఇది శాస్త్రము గదా యని యూరకుందుము. ఈ యూరకుండుటను గూర్చియే నేను వ్రాయదలచినది.

శ్రీకాకుళము జిల్లా యుత్తరపు కొసను, ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, బారువ ప్రాంతములను వానకాలమున చూచినవారు మొగలిపొదలను మఱచియుండరు. ఉప్పుగాలి వీచు ఇసుకనేలలలో, కాలువగట్లమీద, కొబ్బరితోటలచుట్టును కంచెగా మొగలి పెరుగును. ఆకుల యంచులకు ఱంపపు పండ్లవంటి ముండ్లు. నడిమి యీనెవెంబడి అడుగున మరల ముండ్లు. కాండమునుండి యూడలు దిగి ఇసుకను పట్టుకొని నిలుచును గనుక, గాలికి కొట్టుకొనిపోవు తీరమునకు అది కాపలా. పొదలో పాము లుండునను భయముచేత పిల్లలను దాపునకు పోనీయరు. ఇన్ని ముండ్లును, ఇంత భయమును దాటి లోపల నొక పువ్వు; దాని వాసన ఊరి పొలిమేరకే వచ్చి పిలుచును.

1936 ఏప్రిల్ 1 వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము కూడ మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాలోనివే. తరువాత జిల్లా రెండు ముక్కలయ్యెను. 1950 లో శ్రీకాకుళము వేఱు జిల్లాయయ్యెను. సరిహద్దురాళ్లు మొగలికి తెలియవు. అది గీతకు ఇటును అటును ఒక్కతీరుననే పూచుచున్నది. ఐతే దానిని వర్తకవస్తువుగా చేసినది అవతలి భాగము. బరంపురమునకు చుట్టుపట్ల, ఛత్రపురము, రంగైలుండ, చికిటి ప్రాంతములలో మొగలిబట్టీలు కలవు. భారతదేశమున తయారగు మొగలి అత్తరులో చాలవఱకు ఆ తీరమునుండి వచ్చునదే. గంజాము మొగలికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ పల్లెలలో ఒడ్రభాషయు తెనుగును కలిసియే వినబడును.

మొగలిలో ఆడుచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. ఆడుచెట్టు అనాసను బోలిన కాయను కాయును గాని దాని పువ్వునకు చెప్పదగిన వాసన లేదు. మన యాడపిల్లలు జడలో పెట్టుకొను లేతపసుపు రేకులు మగచెట్టు పూగుత్తిని పొదివియుండు పొత్తులు. పూతకాలమున, ఎండ తగిలి వాసన తగ్గకమునుపే, ప్రొద్దుననే ముండ్లలో చేయి దూర్చి పువ్వును కోసి బట్టీకడకు చేర్చవలెను. అక్కడ డేగు అను పెద్ద రాగిపాత్రలో పూలు వేసి, నీరు పోసి, మూతచుట్టును మట్టితో మెత్తి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టముగుండ పోయి, నీటితొట్టిలో మునిగియున్న భప్కా యను మఱియొక రాగికుండలో చల్లారును. భప్కాలో ముందుగా చందనతైలము పోసియుంచినచో వాసన దానిలో నిలిచి అత్తరగును. తైలమేమియు లేక పూలసారమును మాత్రము తీసినచో అది రూహు. మిగిలినది మొగలినీరు. చందనతైలపు వెల మిన్నుముట్టిన పిమ్మట దానికి మాఱుగా పారఫిను నూనె పోయువారును బయలుదేరిరి. మొగలివాసనకు మూలమైన పదార్థము ఫినైలీథైల్ మిథైల్ ఈథరని రసాయనశాస్త్రజ్ఞులు తేల్చిరి. దానిని ఇప్పుడు పువ్వుతో పనిలేకయే కర్మాగారములలో చేయుచున్నారు. మంట ఎంత యుండవలెనో, భప్కాను ఎప్పుడు మార్చవలెనో చేతి స్పర్శతోను ముక్కుతోను తెలిసికొను పనివాని విద్య, ఈ కృత్రిమసారముతో పోటీపడవలసి వచ్చినది.

ఇంత కష్టపడి తీసిన వాసన ఎక్కడకు పోవుచున్నది? కొంత మిఠాయిలకు, పానకములకు, బిరియానీలకు; కొంత పెండ్లిండ్లకు; మిక్కిలి భాగము పొగాకు జర్దాలకును పాన్ మసాలాలకును. ముండ్లకు చేయి యొప్పజెప్పి కోసిన పువ్వు నోటి పుండ్లకు దారితీయు పొడిలో కలియుచున్నది. పువ్వు తప్పు ఇందులో లేదు. పువ్వు తప్పు వేఱొకటి కలదందురు, అదియు చెప్పెదను.

ఈ పువ్వు శివపూజకు పనికిరాదు. శ్రీముఖలింగమునకు పోవు భక్తుడు మారేడుదళము కొనిపోవును, తుమ్మిపువ్వు కొనిపోవును, విషపుమొక్కయైన ఉమ్మెత్తపువ్వును కూడ కొనిపోవును; మొగలిని కొనిపోడు. కారణము శివపురాణమున గలదు. బ్రహ్మకును విష్ణువునకును ఎవరు గొప్పయను తగవు వచ్చినప్పుడు శివుడు ఆద్యంతములు కానరాని యగ్నిస్తంభమై నిలిచెను. విష్ణువు అడుగును వెదకి, కానలేక, కానలేదని యొప్పుకొనెను. బ్రహ్మ కొనను వెదకి, కానలేక, పైనుండి రాలుచున్న మొగలిపువ్వును బతిమాలి, తాను కొనను చూచితినని దానిచేత సాక్ష్యము చెప్పించెను. అబద్ధము బయటపడెను. బ్రహ్మకు పూజ లేకపోయెను. మొగలికి శివసన్నిధి లేకపోయెను.

ఈ కథను నాకు చెప్పినది మా మేనత్త. ఎనిమిదవయేట పెండ్లి, పదునొకండవయేట వైధవ్యము. బాల్యవివాహములను నిషేధించు శారదాచట్టము 1930 లో అమలునకు వచ్చుటకు ముందటి మాట. వితంతువు మరల పెండ్లాడుటకు 1856 నుండియు చట్టము సమ్మతించుచునే యుండెను. 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు అట్టి వివాహమును జరిపించియే యుండిరి. రాజమహేంద్రవరమునుండి మా సీమకు రైలు వచ్చినది గాని ఆ వార్త మా యింటికి రాలేదు. వచ్చి తలుపు తట్టినను మా తాతగారు గడియ తీసియుండరు. మా అత్త పుట్టినింటనే పెరిగి, పుట్టినింటనే వండి, పుట్టినింటనే ముసలిదయ్యెను.

శ్రావణభాద్రపదములలో మా యింటికి మొగలిపూలు వచ్చెడివి. రేకులు విడదీసి, అంచుల ముండ్లు కత్తెరతో తీసి, మా యక్కలకు మొగలిరేకుల జడ కుట్టుట ఆమెకు వచ్చినట్లు మఱియెవరికిని రాదు. మిగిలిన రేకులను పట్టుచీరల మడతలలో పెట్టి పెట్టె మూసెడిది. పని ముగియగనే వంటయింటినుండి మా నాయనమ్మ, "చేతులు కడుక్కున్నావుటే?" యని యడిగెడిది. మా అత్త బావికడకు పోయి కుంకుడురసముతో చేతులు రుద్దుకొని, తరువాత చింతపండుతో రుద్దుకొనెడిది. మొగలివాసన అట్లు పోవునది కాదు. రాత్రి ఆమె ప్రక్కను పరుండి కథ వినునప్పుడు ఆమె యఱచేయి నా చెంపమీద నుండెడిది. మొగలివాసన యనగా నాకు నేటికిని ఆ యఱచేయియే. ఒకనాడు నేను ఆ మాట పైకి అంటిని. ఆమె చేయి చటుక్కున తీసివేసి కొంగులో దాచుకొనెను; దొంగసొత్తు పట్టుబడినట్లు దాచుకొనెను. అప్పటికి నాకు ఆఱేడేండ్లు. నేనేమి తప్పు మాట లాడితినో నాకు తెలియలేదు.

మొగలి అబద్ధసాక్ష్యము చెప్పెను గనుక శిక్ష పడెను. మా అత్త ఏ సాక్ష్యము చెప్పెను? ఆ పురాణమునే తుదివఱకు చదివినచో మఱియొక సంగతి తెలియును. పువ్వు వేడుకొనగా శివుడు కరగి, నా పూజకు పనికిరావు గాని నా భక్తులు నిన్ను ధరింతురు, నా తలపైని వితానమున అలంకారముగా నుందువు అని వర మిచ్చెను. అబద్ధమాడిన పువ్వునకు అర్ధక్షమాపణ దొరకినది. అబద్ధమాడని బాలికకు అరువదేండ్లలో నది దొరకలేదు. దేవుడు కోపించి, వెంటనే శాంతించెను, మనుష్యులు శాంతింపలేదు.

దీనికి మన పండితులు చెప్పు సమాధానము నేను విననిది కాదు. గంధమాల్యములు మనస్సును చలింపజేయును. బ్రహ్మచర్యము పాటింపవలసినవారు వానిని విడువవలెను. విద్యార్థికిని సన్న్యాసికిని గూడ ఈ నియమమే కలదు గదా యందురు. కలదు. కాని విద్యార్థికి గడువు కలదు. చదువు ముగిసినపిమ్మట గంధము పూసి పీటలమీద కూర్చుండబెట్టుదురు. సన్న్యాసి తనంతట తాను విడిచినవాడు. మఱి భార్య గతించిన పురుషుని మాట యేమి? శుభస్వీకారమునాడు వానికి క్రొత్తబట్టలు కట్టబెట్టి గంధము పూయుదురు. ఏడాది తిరుగకమున్నే వాడు పన్నీరు చల్లించుకొని క్రొత్త పెండ్లికొడుకగుటను మనమందఱము చూచియే యున్నాము. వాని బ్రహ్మచర్యమును గూర్చి ఏ శాస్త్రులవారికిని నిద్రపట్టకపోలేదు. తన చేతిలోనిదానిని తాను విడుచుట త్యాగము. ఇతరుల చేతిలోనిదానిని ఊడబెఱికికొని, నీవు గొప్ప త్యాగివని పొగడుటకు వేఱొక పేరు వెదకవలెను.

మన పూర్వులు పరిమళమును ద్వేషించినవారు కారు. షోడశోపచారములలో గంధ మొకటి. ఆఱవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ప్రత్యేకముగా నొక యధ్యాయము వ్రాసి, పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి చొప్పున ఏరికొనినచో 1820 కూర్పు లగునని లెక్కగట్టెను. గణితము నేర్చినవారు సరిచూచుకొనవచ్చును. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు కర్పూరాదులను ద్వీపాంతరములనుండి తెప్పించి యిచ్చిన అవచి తిప్పయ్యసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చెను. సుగంధములమ్మిన వర్తకునికి కావ్యము నంకిత మొసగిన జాతి మనది. కనుక విధవకు గంధము నిషేధించుట గంధముమీది వైరాగ్యముచేత జరిగినది కాదు. గంధము విలువ బాగుగ ఎఱిగియే, దానిని ముత్తైదువతనమునకు ముద్రగా చేసి, ముద్ర లేనిదానిని గడపకు వెలుపల నిలిపినారు.

పెండ్లియింటి వాకిట పన్నీరుబుడ్డి పట్టుకొని నిలుచు ఆచారమును చూడుడు. వచ్చినవారందఱిపైని చల్లుదురు; ధనికుడని, బీదయని చూడరు; పిలువని పేరంటాండ్రపై గూడ రెండు చుక్కలు పడును. మా అక్కల పెండ్లిండ్లలో మా అత్త వంటశాలలోనే యుండెను. నూఱు విస్తళ్లకు వండిన యామెపై నూఱు చుక్కలలో నొక చుక్క పడలేదు. వాకిటికి వచ్చినచో అపశకునమని యామెయే రాలేదు; పొమ్మని యెవరును అనలేదు. ఇది మఱింత దారుణ మనిపించును. కావలివాడు లేకయే ఖైదీ జైలులో నుండెను.

సంస్కర్తలమని చెప్పుకొను మనము గూడ నిర్దోషులము కాము. మన సీమలోని విజయనగరమునే తీసికొనుడు. సంగీతసాహిత్యములకు పేరుపడిన సంస్థానము. అచ్చటి కచేరీలలో భోగముమేళముల కొలువును ఉండెను. ఆ యాచారమువలని చెడుగును మాన్పవలెనని వీరేశలింగము పంతులుగారు మొదలగువారు పాటుపడిరి, న్యాయమే. కాని ఆ వేడిలో మన కథలలోను ప్రహసనములలోను అత్తరు, మల్లెదండ, తాంబూలము దుర్నీతికి ఆనవాళ్లయ్యెను. వాసన పూసికొన్నదానిని చూచి ముక్కు మూసికొనుట సచ్చరిత్రకు గుఱుతయ్యెను. 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897 లో అచ్చయి, 1909 లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కమున గురజాడ అప్పారావుగారు మధురవాణిని నిలిపిన తీరు ఈ తొందరపాటునకు సమాధానమని నా యభిప్రాయము. ఆ నాటకమున బుద్ధియు దయయు ఒకచోట కూడియున్నది ఆమెయందే. దేవదాసీలను అంకితము చేయుటను 1947 లో మదరాసు ప్రభుత్వము చట్టముచేత మాన్పెను, మేలు జరిగినది. కాని పాటను, ఆటను, అత్తరును, మనుష్యులను ఒక్క మూటగా గట్టి మనము వీధిలో పాఱవైచితిమి. మూటలో మనుష్యులు గూడ నుండిరని తరువాత గుర్తునకు వచ్చినది.

మా అత్తకు శాస్త్రసమ్మతమైన వాసన యొక్కటే యుండెను. సింహాచలమున స్వామి యేడాది పొడుగున చందనముచేత కప్పబడియుండి, వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయతృతీయనాడు మాత్రము నిజరూపమున దర్శన మిచ్చును. ఆ రాత్రియే మరల చందనసమర్పణము. ఆనాడును, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందును మూడేసి మణుగుల చొప్పున చేతితో అరగదీసిన శ్రీగంధమును స్వామికి పూయుదురు. విజయనగరపు పూసపాటివారు ఆ దేవాలయమునకు వంశపారంపర్య ధర్మకర్తలు. స్వామి యొడలినుండి ఒలిచిన చందనము భక్తులకు ప్రసాదము. ప్రసాదమును కాదనుటకు ఏ స్మృతియు చాలదు! ఎవరో తెచ్చియిచ్చిన చందనపుముద్ద నొకదానిని మా అత్త గుడ్డలో మూటగట్టి భాగవతపు పుటలనడుమ నుంచుకొనెను. నిత్యపారాయణము చేసెడిది. ఆమె భక్తిని నేను శంకింపను. కాని భాగవతము తెఱచినప్పు డెల్ల, చదువుటకు ముందు, ఆమె కొంత తడవు కన్నులు మూసికొని ఊరకయే ఊపిరి పీల్చెడిది. ఆమె పోయిన తరువాత ఆ పుస్తకము నా కడకు వచ్చినది. ముద్ద ఎండి పొడియైనది. పుటలమీద దాని మరక యింకను ఉన్నది.

పరిమళముచుట్టు ఈ గోడలు మన దేశమునందే లేచినవనుకొనుట పొరపాటు. ఐరోపాలో ఈ కళకు పుట్టినిండ్లలో నొకటియైన ఇటలీని చూడుడు. ఫ్లారెన్సు నగరమునకు 1221 లో వచ్చి నిలిచిన డొమినికన్ సన్న్యాసులు సాంతా మరియా నొవెల్లా మఠమున మూలికలు పెంచి, పూలనీళ్లు దించి, 1612 లో తమ యౌషధశాలను ప్రజలకు తెఱచిరి. కోరికలు విడిచితిమని వ్రతము పట్టినవారే పరిమళమును పెంచిరి. దానివలన వ్రతము చెడినదని యెవరును ఆక్షేపింపలేదు. ఆ నగరపు మెడిచీవారి యాడపడుచు కాథరీను 1533 లో ఫ్రాన్సు రాజకుమారుని పెండ్లాడి పోయినపిమ్మట అచ్చటి కొలువునకు ఇటలీ సుగంధవిద్య వ్యాపించెను. వాసన పట్టించిన తోలు చేతితొడుగులు ప్రభువులకు వేడుకయయ్యెను. తోలునకు వాసన ఎందులకు? పదునుపెట్టునప్పుడు పట్టిన కంపు తోలును వదలదు గనుక. తొడుగు నారింజపూల వాసనతో రాణిగారి చేతి కెక్కెను. తోలు పదునుపెట్టినవాని వీధి ఎప్పటివలెనే యుండెను.

ఆ దేశపువాడే జొవాన్ని మరియా ఫరీనా, జర్మనీలోని కొలోను నగరమునకు వలసపోయి, 1709 లో ఆ యూరిపేరనే నేడు లోకమంతట తెలిసిన పూలనీటిని వర్తకమునకు తెచ్చెను. ఆ వాసన తనకు వాన వెలసిన ఇటలీ వసంతపు టుదయమును జ్ఞప్తికి తెచ్చుచున్నదని యంతకు ముందటి యేడే సోదరునికి వ్రాసెనట. పరదేశమున బ్రతుకువాడు తన యూరిని ముక్కుతో మోసికొనిపోవు ననుట నిజము. కాని ఆ పూలనీటికి ప్రాణమైన బెర్గమోటు నిమ్మ పండునది ఇటలీ దక్షిణపుకొసలోని కాలబ్రియా తీరమున; ఆ సీమ చిరకాలము బీదసీమ. అచ్చటనే గడచిన శతాబ్దమున మల్లెజాతి పూలతోటలు వేసిరి. తెల్లవాఱక ముందే, పువ్వు వాసన గట్టిగా నున్నప్పుడే కోయవలెను గనుక, స్త్రీలు చీకటిలోనే తోటలకు పోయి, మంచులో తడిసి, వంగి కోసెడివారు. కిలో పూలు కావలెనన్న సుమారు 10,000 పువ్వులు కోయవలెను. కూలి తూకమునుబట్టి. 1970 ప్రాంతమునకు కృత్రిమసారములును అగ్గువగా వచ్చు పరదేశపు పూలును ఆ తోటలను మాన్పినవి. పారిసులో సీసా మూత తీసినవారికి ఆ స్త్రీల తడిసిన పాదములు జ్ఞప్తికి వచ్చుటకు హేతువు లేదు. సీసామీద వారి పేరుండదు గదా!

ఇక మన బారువ తీరమునకు మరల వత్తము. మొగలి పెరుగు ఇసుకమీదనే జాలరులు చేపలెండబెట్టుదురు. గాలి సముద్రముమీదినుండి వీచునప్పుడు రెండు వాసనలును కలిసియే వచ్చును. నేను చదివిన పాఠశాల పేరు చెప్పను. అందు మా తరగతిలో జాలరిపల్లెనుండి వచ్చు బాలు డొక డుండెను. లెక్కలలో నాకంటె గట్టివాడు. వాని బట్టలకు ఎండుచేపల వాసన యుండెడిది. బల్లమీద వాని ప్రక్క నెవరును కూర్చుండెడివారు కారు. ఉపాధ్యాయుడు వానిని కిటికీకడకు మార్చెను. భాద్రపదమున వాడు మొగలిపూలు తెచ్చి ఉపాధ్యాయుని కిచ్చెడివాడు. ఆయన సంతోషముతో పుచ్చుకొని భార్యకు పంపెడివాడు. ముండ్లు గీచిన వాని ముంజేతుల యెఱ్ఱటి చారలు నేను చూచితిని. ఆ పూలలో రెండు మా యింటికి గూడ తెచ్చుకొంటిని. మా అత్త వానితోనే జడ కుట్టినది. ఐనను మఱునాడు వాని ప్రక్కను నేను కూర్చుండలేదు. నన్నెవరును వలదనలేదు, నేనే కూర్చుండలేదు. ఏడాది తిరుగకుండగనే వాడు బడి మానెను. పేదఱికముచేత మానెనని మేమందఱ మనుకొంటిమి.

కాలేజీలో తర్కసంగ్రహము చదివినప్పుడు నాకు ఆ బాలుడు జ్ఞప్తికి వచ్చెను. ఆంధ్రుడైన అన్నంభట్టు వ్రాసిన ఆ చిన్నపుస్తకమున, గంధము కలది పృథివియని లక్షణము చెప్పబడినది. నీటికి వాసన లేదు, గాలికి వాసన లేదు. వానియందు మనకు తోచు వాసన యంతయు వానిలో కలసిన భూమి యంశమునదే. ఆ గంధము సురభియని, అసురభియని రెండు తెఱగులు. రెండును పృథివియందే యుండును. పరీక్షకొఱకు వల్లెవేసిన మాట యిది. మొగలికొక భూమియు, ఎండుచేపకొక భూమియు లేవని దాని యర్థము. మంచివాసన పూజకు పనికివచ్చుననియు, చెడువాసన పనివాని నంటుకొని పోదనియు తార్కికుడు చెప్పలేదు. అది మనము చేర్చినది. ఇంకొక విచిత్రము గలదు. చేపల వాసన బాలుని విడువలేదని వానిని దూరముచేసితిమి. మొగలివాసన మా అత్త చేతిని విడువలేదని యామెను కడుగుకొమ్మంటిమి. దుర్వాసన యొకరిని, సువాసన యొకరిని, రెండును మనుష్యులను వెలివేయుటకే పనికివచ్చినవి!

నేడు కాలము మాఱినదందురు. మాఱినది. భర్త పోయినను బొట్టు పెట్టుకొని, పూలు ముడుచుకొని ఉద్యోగములకు పోవు స్త్రీలు మన పట్టణములలో పెక్కుమంది కలరు. వారిని వేలెత్తి చూపువారు తగ్గిరి. కాని పెండ్లియింటి వాకిట, నోములలో, హారతిపళ్లెముకడ పాతగీత యింకను చెఱగలేదు. ఆమెకు మనము 'అనుమతి' యిచ్చుచున్నామను మాటయే నా చెవికి కటువుగా నుండును. ఎవరి భూమి, ఎవరి గంధము, మనమెవరము అనుమతించుటకు? తీరమునను మార్పు వచ్చినది. 2013 అక్టోబరు 12 వ తేదీన గోపాలపురముకడ తీరము దాటిన ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11 వ తేదీన పలాసకడ దాటిన తిత్లీ తుపాను తోటలను నేలగూల్చినవి. జీడితోటలు, రొయ్యలచెఱువులు వచ్చినచోట మొగలికంచెలు కొట్టివేయబడినవి. ఐనను వానకాలమున ఇచ్ఛాపురపు బజారులో మొగలిపూలమ్ముచు నిప్పటికిని స్త్రీలు కనబడుదురు.

మొన్న మాఘమాసమున మా మనుమరాలి పెండ్లి జరిగినది. వాకిట పన్నీరు చల్లుట కెవరు నిలుతురను మాట వచ్చెను. మా చెల్లెలు భర్తను పోగొట్టుకొని తొమ్మిదేండ్లయినది. వెండిబుడ్డిని ఆమెచేతి కిచ్చి, "ఇది నువ్వు పట్టుకోమ్మా" యంటిని. "ఎందుకొచ్చిన గొడవ, అన్నయ్యా!" యని ఆమె వెనుకకు జరగెను. పెండ్లికూతురే వచ్చి బుడ్డిని ఆమె వ్రేళ్లనడుమ నుంచి, తన తలను ముందుకు వంచినది. పురోహితుడు చూచియు చూడనట్లు తన పుస్తకపు పుటలు త్రిప్పుకొనుచుండెను; అదియు నొక మర్యాదయే. తరువాత అతిథులు వచ్చుచుండిరి. చాలమంది చల్లించుకొనిరి. ఒక వృద్ధురాలు చీరకొంగు తలపైకి లాగికొని ప్రక్కగుండ లోపలికి పోయెను. మా చెల్లెలు అది చూచి చేయి దించి, ఒక నిమిషమూరకుండి, వెనుకవచ్చు పిల్లలపై చల్లుట సాగించెను. తనపై మాత్రము చల్లుకొనలేదు. నేను గమనించుచునే యుంటిని, అడుగలేదు. పెండ్లివారు లేచినప్పటికి బుడ్డి యడుగున కొంచెము మిగిలెను. దానిని ఆమె యొక చిన్నసీసాలో పోసికొని, బిరడా గట్టిగా బిగించి, తన సంచిలో పెట్టుకొని ఊరికి పోయెను.